గది ఖాళీ చేసే ముందు ఒక్క మాట

అడ్మిషన్ల రోజుల్లో సాయంకాలం పూట మద్దిలపాలెం నుంచి పెదవాల్తేరు దాకా నడిచి వెళ్ళడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఆ దారిలో ఏ సందు తిరిగినా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కనిపిస్తారు. భుజాన సంచి, చేతిలో ఎవరో చెప్పిన అడ్రసు, చూపు మాత్రం గేట్ల మీద. ‘టులెట్’ అన్న అట్టముక్క కనబడగానే మొహాలు విప్పారుతాయి. దగ్గరకు వెళ్ళి చదివేసరికి ముడుచుకుపోతాయి. కింద చిన్న అక్షరాలతో ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అనో, ‘బ్యాచిలర్స్‌కు ఇవ్వబడదు’ అనో ఉంటుంది. ఒక ఇంటి గోడ మీదైతే ‘స్టూడెంట్లు అడగవద్దు’ అని పెయింటుతోనే రాయించారు. అట్టముక్క వానకు తడిసి ఊడిపోతుంది. పెయింటుతో రాయించారంటే ఆ ఇంటాయన శాశ్వతంగానే నిశ్చయించుకున్నాడన్న మాట.

విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, ఈసారి సావనీరుకు మీరు తప్పకుండా ఏదో ఒకటి రాయాలి” అన్నప్పుడు నాకు ఆ గోడ మీది అక్షరాలే జ్ఞాపకం వచ్చాయి. ఆ మాట రాయించింది ఇంటి ఓనరే, సందేహం లేదు. కాని ఆయన చేత రాయించింది ఎవరు? ఈ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పుకోవాలంటే మనకు కొంచెం ధైర్యం కావాలి. నా వంతు జవాబు నేను ముందుగా చెప్పేస్తాను.

మన విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. ఆనాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల పల్లెల నుంచి పిల్లలు ట్రంకుపెట్టెలతో ఇక్కడికి వస్తూనే ఉన్నారు. ఎన్ని హాస్టళ్ళు కట్టినా సీటు దొరకనివారు ప్రతి ఏడూ మిగులుతూనే ఉన్నారు. అలా మిగిలినవారికి చినవాల్తేరు, శివాజీపాలెం, మద్దిలపాలెం, ఎం.వి.పి. కాలనీ సందులే హాస్టళ్ళు. అక్కడ వార్డెను లేడు, హాజరు పుస్తకం లేదు, గంట కొట్టేవాడు లేడు. మొదటి వారం రోజులు ఇదంతా స్వర్గంలా ఉంటుంది. ఆ తరువాత తెలిసి వస్తుంది, వార్డెను లేని చోట ఎవరికి వారే వార్డెను కావాలని. అది తెలియకుండానే రెండేళ్ళూ గడిపేసి వెళ్ళిపోయేవారూ ఉన్నారు. నేనూ ఆ బాపతువాణ్ణే.

1983లో నేను ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. చినవాల్తేరులో ఒక పెంకుటింటి పక్కన రేకుల గది. అందులో నలుగురం. ఇంటావిడను అందరూ మామ్మగారు అనేవారు. భర్త పోయి చాలా కాలమైంది. ఆ గది అద్దే ఆవిడకు నెలవారీ ఆధారం. మేము గది అడగడానికి వెళ్ళిన రోజు ఆవిడ మమ్మల్ని రెండే ప్రశ్నలు వేశారు. “ఏం చదువుతున్నారు నాయనా?”, “వంట చేసుకుంటారా, మెస్సులో తింటారా?” అంతే. ఏ ఊరని గాని, ఎవరి పిల్లలని గాని, ఏమిట్లని గాని అడగలేదు. ఆ ‘ఏమిట్లు’ అన్న ప్రశ్న ఎంత బరువైనదో అది అడిగించుకున్నవారికే తెలుస్తుంది. అడగని ఇల్లు ఒకటి మా సందులో ఉందన్న సంగతి ఎంత గొప్పదో ఆ రోజున నాకు తట్టలేదు.

పరీక్షలు అయిపోయాయి. ఆఖరి పేపరు రాసిన రాత్రి మేం నలుగురం రిక్షాల మీద స్టేషనుకు వెళ్ళిపోయాం. మామ్మగారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, మూడు నెలల కరెంటు డబ్బు, ఒక నెల అద్దె బాకీ ఉన్నాం. తలుపు గడియ విరిగి ఉంది. గోడ నిండా ఫార్ములాలు, సినిమా బొమ్మలు, మేకులు. గది మూల నెల రోజుల చెత్త. తాళంచెవి కిటికీ చువ్వకు తగిలించాం. రైలెక్కాక మాలో ఒకడు, “ఇంటికెళ్ళి మనియార్డరు చేద్దాంలేరా” అన్నాడు. అందరం సరేనన్నాం. ఎవరమూ చెయ్యలేదు. నలుగురి పని ఎవరి పనీ కాదు కదా!

ఆ ఏడే మా పక్క ఊరి కుర్రవాడికి ఇక్కడ పీజీలో సీటు వచ్చింది. వాళ్ళ వాడ నుంచి అంత చదువుకు వచ్చిన మొదటివాడు అతను. దళితుడు. ఆలస్యంగా సీటు రావడంతో హాస్టలు నిండిపోయింది. నేనే ధైర్యం చెప్పి, మా సందు గుర్తులు చెప్పి పంపించాను. సిగ్గులేనితనం చూడండి, బాకీ పెట్టి వచ్చిన ఇంటికే సిఫారసు! మూడు ఇళ్ళల్లో ‘ఏమిట్లు’ అని అడిగి లేదన్నారట. నాలుగో ఇల్లు మామ్మగారిది. ఆవిడ కులం అడగలేదు. “నీ మీద నాకేం కోపం లేదు బాబూ. కాని యూనివర్సిటీ పిల్లలకి ఇంక గది ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను” అన్నారట. అతను విజయనగరంలో దూరపు చుట్టాల ఇంట్లో ఉండి రోజూ పాసింజరు రైల్లో వచ్చి పోయేవాడు. హాజరు చాలక ఆ ఏడు పరీక్ష రాయలేకపోయాడు. మరుసటి ఏడు హాస్టలు దొరికింది, చదువు పూర్తి చేశాడు, బాగానే స్థిరపడ్డాడు. కాని ఒక సంవత్సరం పోయింది. మూడు తలుపులు కులం మూసింది. నాలుగో తలుపు మేం మూశాం.

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని మనవాళ్ళు అంటారు. తెప్ప తగలేసినవాడికి నష్టం లేదు, వాడు దాటేశాడు. నష్టమంతా ఒడ్డున నిలబడి ఉన్న తరువాతివాడిది. బయట గదుల్లో ఉండే విద్యార్థి బాధ్యతలు ఏమిటని అడిగితే నా దృష్టిలో మొదటిదీ చివరిదీ ఇదే. మనం ఉన్న గది మన తరువాత ఇంకొక విద్యార్థికి దొరికేలాగ ఉండి రావాలి. మిగిలినవన్నీ ఇందులోంచి పుట్టేవే.

ఈ సంబంధం ఈనాటిది కాదు. మన తాతల కాలంలో చదువుకునే పేద పిల్లలు వారాలు చేసుకునేవారు. సోమవారం ఒకరింట భోజనం, మంగళవారం ఇంకొకరింట. అరుగు మీద పడక, వీధి దీపం కింద చదువు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కొడుకును చదివించుకుంది. ఊరు తన ఇళ్ళల్లో చోటిస్తేనే చదువు సాగిందన్నది ఇందులో నిజం. అయితే ఆ అరుగులు అందరివీ కావన్నది కూడా అంతే నిజం. వారాల అన్నం కొన్ని కులాల పిల్లలకే దొరికింది. తక్కినవారికి ఎవరైనా పూనుకుని ప్రత్యేకంగా వసతి కల్పించవలసి వచ్చింది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పిఠాపురం మహారాజా సాయంతో ఆ పని చేశారు. అంటే ఊళ్ళో విద్యార్థికి చోటు అన్నది ఎప్పుడూ తేలికగా దొరికినది కాదు. ఎవరో ఒకరు తెరిచి పెట్టిన తలుపు అది. దాన్ని మూయించే హక్కు మనకు ఎక్కడిది?

“ఊరికే ఇస్తున్నారా మాస్టారూ, అద్దె పుచ్చుకుంటున్నారు కదా” అని మీరు అడగవచ్చు. నిజమే. ఈనాటి గది దానం కాదు, బేరం. బేరం కనకనే దానికి చట్టం కూడా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులో ఇల్లు ఇచ్చినవాడి బాధ్యతలూ, పుచ్చుకున్నవాడి బాధ్యతలూ వరసగా రాసి ఉన్నాయి. అందులో ఒక మాట నాకు చాలా ఇష్టం. మామూలు వివేకం గల మనిషి తన సొంత ఆస్తిని ఎలా వాడుకుంటాడో అద్దెకున్నవాడు ఆ ఇంటిని అలా వాడుకోవాలన్నది దాని సారాంశం. సొంత ఇంటి గోడలో మనం రోజుకో మేకు కొడతామా? సొంత ఇంట్లో కొళాయి కారుతూ ఉంటే దుప్పటి ముసుగేసుకుని పడుకుంటామా? పుచ్చుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో అలా తిరిగి అప్పగించాలనీ, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల మాత్రం లెక్కలోకి రాదనీ కూడా అదే సెక్షను చెబుతుంది. రెండో మాట గుర్తుపెట్టుకోండి. రెండేళ్ళకు సున్నం మాయడం మీ తప్పు కాదు. తలుపు గడియ విరగడం మీ తప్పే.

కాగితం సంగతి కూడా చెబుతాను. మన ఊళ్ళో చాలా ఒప్పందాలు 11 నెలలకే ఎందుకు రాస్తారో మీలో చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం మొదట్లో అంది. అందుకని 11. నోటిమాట మీద గదిలో దిగకండి. ఎంత అడ్వాన్సు, ఎంత అద్దె, కరెంటు ఎవరిది, నీళ్ళ డబ్బు ఎవరిది, ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఇవి కాగితం మీద ఉండాలి. వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు అని పాత చట్టమే చెబుతోంది. రాత్రికి రాత్రి పారిపోయిన మాలాంటివాళ్ళకు చట్టమూ తెలియదు, మర్యాదా తెలియదు.

ఇక నీళ్ళు, కరెంటు. ఇవి చూడడానికి చిన్న విషయాలు. వాడకట్టులో తగువులన్నీ వీటి దగ్గరే పుడతాయి. మన విశాఖకు నీళ్ళు తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచీ, ఏలేరు కాలువ నుంచీ రావాలి. అంత దూరం నుంచి వచ్చిన నీరు మన గది పైన ట్యాంకు నిండి, పొంగి, మెట్ల మీదుగా వీధిలోకి పారుతూ ఉంటే కింద బిందెతో నిలబడ్డ ఆడమనిషికి కడుపు మండదా? ఒకసారి ఒకావిడ మా పైగది కుర్రాళ్ళను, “ఏటి బాబూ, పెద్ద సదువులు సదువుతన్నారు, మోటారు కట్టీడం రాదేటి?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఏ డిగ్రీలోనూ జవాబు లేదు.

కరెంటు లెక్క ఇంకా సున్నితం. వాడకం పెరిగిన కొద్దీ యూనిట్టు ధర పెరిగే శ్లాబు పద్ధతి మనది. చాలా ఇళ్ళల్లో ఇంటివారికీ, పైగదికీ కలిపి మీటరు ఒక్కటే ఉంటుంది. మనం నలుగురం నాలుగు ఫ్యాన్లు, హీటరు, ఇస్త్రీపెట్టె రాత్రింబవళ్ళు వాడితే మన వాడకానికే కాదు, ఇంటివాళ్ళు వాడుకున్న యూనిట్లకు కూడా పై శ్లాబు ధర పడవచ్చు. “మా వాటా మేం ఇచ్చేశాం కదండీ” అంటే సరిపోదు. సబ్‌మీటరు పెట్టించమని మొదటే అడగండి. లేదంటే నెలనెలా బిల్లు చూసి, కూర్చుని లెక్క తేల్చుకోండి. బాకీ ఒక నెల దాటనివ్వకండి. బాకీ పెరిగేకొద్దీ మనిషి మొహం తప్పిస్తాడు. మొహం తప్పించడం మొదలుపెట్టినవాడు చివరకు రాత్రి రైలెక్కుతాడు. ఇది నా అనుభవం.

చప్పుడు విషయానికి వస్తే, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం అన్నది కేవలం ముసలివాళ్ళ చాదస్తం కాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు ఆ వేళల్ని రాత్రిగానే గుర్తించి, నివాస ప్రాంతాల్లో పగటికి 55, రాత్రికి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టాయి. కాని మీకు డెసిబెల్స్ ఎందుకు? గోడ అవతల ఎవరున్నారో తెలిస్తే చాలు. ఒకరింట్లో పసిపిల్ల ఉంటుంది. ఒకరింట్లో తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళే మనిషి ఉంటాడు. మీలాగే పరీక్షకు చదువుకునే పదో తరగతి పిల్ల ఉంటుంది. పుట్టినరోజుకు అర్ధరాత్రి డాబా మీద కేకు కోసి, కేకలు పెట్టి, బాణాసంచా కాల్చే ముందు ఒక్కసారి ఆ గోడ అవతలకు మనసు పోనివ్వండి.

డాబా అన్నాను కనుక ఇంకొక మాట. పిట్టగోడ మీద నలుగురు కుర్రాళ్ళు కూర్చుంటే పక్క డాబా మీద బట్టలు ఆరేసుకునే ఆడపిల్ల కిందికి దిగిపోతుంది. మీరేమీ అనకపోవచ్చు. చూపు చాలు. ఆ పిల్ల మరునాటి నుంచి బట్టలు గదిలోనే ఆరేసుకుంటుంది. నెల తిరిగేసరికి ఆ ఇంటాయన ఓనరుతో, “వీళ్ళని ఖాళీ చేయించండి” అంటాడు. అప్పుడు మనం “ఏం చేశామని?” అంటాం. ఒక సందులో ఆడపిల్లలు తల వంచుకోకుండా నడవగలుగుతున్నారా లేదా అన్నది ఆ సందులో ఉన్న విద్యార్థుల సంస్కారానికి కొలత. అదీగాక మన క్లాసులో చదివే ఆడపిల్లలు కూడా ఏదో ఒక సందులో గది తీసుకుని ఉంటున్నారు. ఎన్నింటికి వచ్చారు, ఎవరితో వచ్చారు అని వీధంతా వాళ్ళకు వార్డెనే. వాళ్ళ బరువును మనం పెంచకూడదు.

చెత్త విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యరు. 2016 నిబంధనల నాటి నుంచే తడి చెత్త, పొడి చెత్త, హానికరమైన చెత్త విడివిడిగా ఇవ్వడం ప్రతి ఇంటి విధి. కర్రీపాయింటు కవర్లను మూటకట్టి పక్క ఖాళీస్థలంలోకి విసరడం విధి కాదు. కూలర్లో, బకెట్లో, డాబా మీది పాత టైరులో నిలిచిన మంచినీటిలోనే డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి నీళ్ళు పారబోసి, తొట్లు ఆరబెట్టాలంటారు. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు బకెట్టు బోర్లించి వెళ్ళడానికి పట్టేది అర నిమిషం. బోర్లించకపోతే జ్వరం పడేది మీరు కాదు, ఇంటివాళ్ళ పిల్లలు.

గ్యాసు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి గ్యాసు నింపే కొట్ల వైపు పోకండి. ఊళ్ళో సొంత చిరునామా రుజువు లేనివారికి కూడా 5 కిలోల సిలిండర్లు ఆయిలు కంపెనీలే అమ్ముతున్నాయి. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది, కారితే నేల మీదే పరుచుకుంటుంది. కిటికీలు బిగించిన చిన్న గదిలో, చాప పక్కన సిలిండరు పెట్టుకుని పడుకోవడం ప్రాణంతో ఆట. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా, తలుపులు తెరిచి బయటకు నడవండి.

ఇంతవరకూ ఇంటివారి పట్ల, వీధి పట్ల బాధ్యతలు చెప్పాను. గదిలో ఉన్న నలుగురి మధ్య కూడా ఒక న్యాయం ఉంది. అద్దె అందరూ సమానంగా ఇస్తారు. గిన్నెలు మాత్రం ఒక్కడే తోముతాడు. ఎవడు మెత్తనివాడో, ఎవడు పల్లెటూరి నుంచి బెదురుగా వచ్చాడో వాడి నెత్తిన పడుతుంది పని. వంతులు రాసి గోడకు అంటించుకోండి, సిగ్గేమీ లేదు. ఒకడికి డబ్బు రావడం ఆలస్యమైతే ముగ్గురూ సర్దుకోండి, కాని లెక్క రాసుకోండి. ఒకడు రెండు రోజులుగా మంచం దిగకపోతే, తిండి మానేస్తే, ఎవరితోనూ మాట్లాడకపోతే, “వాడంతేలే” అని క్లాసుకు వెళ్ళిపోకండి. హాస్టల్లో అయితే వార్డెనుకు తెలుస్తుంది. బయట గదిలో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అలాంటప్పుడు వాళ్ళింటికి ఫోను చెయ్యడం చాడీ కాదు.

ఇక ఎదుటి పక్షం. ఓనర్లందరూ మామ్మగార్లు కారు. అడ్వాన్సు మింగేసేవాళ్ళున్నారు. నెల మధ్యలో అద్దె పెంచేవాళ్ళున్నారు. మనం లేనప్పుడు గది తెరిచి చూసేవాళ్ళున్నారు. కులమూ మతమూ అడిగి గేటు వేసేవాళ్ళున్నారు. వీటిని భరించమని నేను చెప్పడం లేదు. అద్దె సక్రమంగా చెల్లించే మనిషిని ఎవరూ కదిలించకుండా ఉండనివ్వాలన్నది కూడా ఆ 108వ సెక్షనులోని మాటే. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా మాత్రమే అయినా, బేరమాడేటప్పుడు చెప్పడానికి పనికివస్తుంది. 2020 లాక్‌డౌనులో విద్యార్థులను, కూలీలను బలవంతంగా ఖాళీ చేయిస్తే చర్య తప్పదని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. హక్కులు ఉన్నాయి. కాని రసీదు దాచుకున్నవాడికే, బాకీ లేనివాడికే హక్కు గురించి గొంతెత్తి అడిగే బలం ఉంటుంది. నాకు ఆ బలం లేకపోయింది. మా ఊరి కుర్రవాడి తరఫున మామ్మగారి దగ్గరకు వెళ్ళి ఒక్క మాట అడగలేకపోయాను.

విద్యార్థి వీధికి బరువు మాత్రమే అన్న అభిప్రాయం కూడా తప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని కుదిపేసిన రోజులు మీలో చాలామందికి చిన్నతనపు జ్ఞాపకం. చెట్లు కూలి, స్తంభాలు ఒరిగి, రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు తిరగక ట్యాంకులన్నీ ఎండిపోయాయి. పాలప్యాకెట్టు కోసం బారులు తీరాం. మా వీధిలో పడ్డ చెట్టును నరికి దారి చేసినవాళ్ళు పైగది కుర్రాళ్ళే. ముసలివాళ్ళున్న ఇళ్ళకు బిందెలతో నీళ్ళు మూడంతస్తులు మోసినవాళ్ళూ వాళ్ళే. అంతకు ముందు నెలలో వాళ్ళను ఖాళీ చేయించాలని ఓనరుతో పోట్లాడిన పెద్దమనిషే తరువాత వాళ్ళను భోజనానికి పిలిచాడు. ఆ ఇంటి పైగది ఈనాటికీ విద్యార్థులకే ఇస్తున్నారు. తుఫాను వస్తేనే గాని మనం మంచివాళ్ళం అని తెలియకపోవడం మాత్రం విచారకరం. పండగకో, పబ్బానికో పలకరిస్తే తుఫాను దాకా ఆగనక్కరలేదు.

వీధిలో మనం చుట్టాలం కాదు, పౌరులం. మేము చదువుకునే రోజుల్లో 21 ఏళ్ళు నిండితేనే ఓటు. 1989 నుంచి 18 ఏళ్ళకే వచ్చింది. చదువుకోసం వేరే ఊళ్ళో ఉంటున్న విద్యార్థి సొంత ఊళ్ళో గాని, చదువుకునే ఊళ్ళో గాని, ఏదో ఒకచోట ఓటరుగా నమోదు కావచ్చు. ఇక్కడ ఓటు ఉన్నవాడు వీధి దీపం గురించి, మురుగు కాలవ గురించి అడగగలడు. వీధి మనది అనుకున్నవాడు వీధిని పాడుచెయ్యడు.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఎన్నికలప్పుడు ప్రతి పానెలూ ‘కొత్త హాస్టలు’ అని వాగ్దానం చేస్తుంది. మంచిదే, పోరాడండి. కాని ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. సంఘం గదిలో ఒక పెద్ద పుస్తకం పెట్టండి. విద్యార్థులకు గది ఇచ్చే ఇళ్ళు, అద్దె, నీటి వసతి, కులమత భేదం లేకుండా ఇస్తారా లేదా అన్నది ఇంటివారి అంగీకారంతో అందులో రాయండి. గది ఖాళీ చేసేవాడు అప్పగింత కాగితం మీద ఇంటివారి సంతకం తెచ్చి చూపించాలని ఒక ఆనవాయితీ పెట్టండి. ఇద్దరు విద్యార్థులు, ఒక లెక్చరరు కలిసి తగువులు తీర్చే చిన్న సంఘం వెయ్యండి. ఓనరు అన్యాయం చేస్తే వాళ్ళు వెళ్ళి అడగాలి, విద్యార్థి అన్యాయం చేస్తే వాళ్ళే వెళ్ళి బాకీ ఇప్పించాలి. దీనికి నిధులు అక్కరలేదు. ఒక పుస్తకం, ఒక కలం చాలు. పూర్వ విద్యార్థులం మేము కూడా వస్తాం. ఈ ఊళ్ళో స్థిరపడి ఇళ్ళు కట్టుకున్న పూర్వ విద్యార్థులు ఎందరో ఉన్నారు. వాళ్ళల్లో ఎందరి గేట్ల మీద ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అని ఉందో వాళ్ళే ఒకసారి చూసుకోవాలని కూడా ఈ సందర్భంలో మనవి చేస్తున్నాను.

నేను ఉద్యోగం వచ్చి 1988లో మళ్ళీ ఈ ఊరు చేరేసరికి చినవాల్తేరులో ఆ పెంకుటిల్లు పడగొడుతున్నారు. మామ్మగారు ఎక్కడికి వెళ్ళారో పక్కవాళ్ళకు తెలియదు. అంతకు ముందు అయిదేళ్ళు నాకు తీరిక లేక కాదు, మొహం చెల్లక వెళ్ళలేదు. జేబులో డబ్బు పెట్టుకుని ఆ ఇటుకల ముందు కాసేపు నిలబడి వచ్చేశాను. ఆ బాకీ ఇప్పటికీ అలాగే ఉంది.

మీరు ఈ ఏడు చివరి పేపరు రాసి గదికి వెళ్ళాక ఒక గంట ఆగండి. చీపురు తీసుకుని గది ఊడవండి. గోడ మీది మేకులు పీకండి. విరిగిన గడియ బాగు చేయించండి. కరెంటు బిల్లు లెక్క చూసి డబ్బు ఇచ్చి, తాళంచెవి చేతికి ఇవ్వండి, కిటికీకి తగిలించకండి. తరువాత, “పిన్నిగారూ, మా జూనియరు ఒకడున్నాడండీ, మంచివాడు, గది కావాలట” అని అడగండి. ఆవిడ “రమ్మను బాబూ” అంటే మీ రెండేళ్ళ కాపురం సార్థకమైనట్టే.